పాలెం ఒడ్డున కారు రేడియో

మా ఇంట్లో ఏ వస్తువునూ చెప్పిన ధరకు కొన్నవాడు లేడు. తెనాలిలో నాన్నది కిరాణా కొట్టు, బాబాయిది ఇనప సామాన్ల కొట్టు, మామయ్యది గిన్నెల కొట్టు. గుడి ముందు కొబ్బరికాయ కొన్నా పది పైసలు తగ్గించందే మావాళ్ళు లోపలికి అడుగుపెట్టేవాళ్ళు కారు. వాళ్ళందరినీ మించిపోదామని నేను రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాను. సోల్డరింగు నాకు అంతంతమాత్రమే. పాత సెట్టు కొనేటప్పుడు దాని యజమాని ముందే దాన్ని చెడామడా తిట్టడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు.

ఆవిడ నా కొట్టుకు వచ్చింది డెబ్బై నాలుగులోనో ఐదులోనో. రేపల్లె అవతల సముద్రం ఒడ్డున ఉన్న పాలెం మనిషి. చేపలమ్ముతుంది. నలభై ఏళ్ళుంటాయి. గంపలో గోనెపట్టా కింద నుంచి ఒక ఇనప పెట్టె తీసి నా బల్లమీద పెట్టింది. రెండు మీటలు, మధ్యలో పసుపు రంగు తిరిగిన గాజు పలక. ఏ కాలందో, ఏ దొర వదిలిపోయిన కారుదో, కారు రేడియో.

"కారెక్కడుందక్కా?" అన్నాను.

"కారే ఉంటే గంప నెత్తిన పెట్టుకుని నీ గుమ్మం ఎందుకెక్కుతా షావుకారూ? మా ఇంటాయన ఎవరి దగ్గరో కొన్నాడు. పడవకి బిగిస్తానన్నాడు. బిగించకుండానే పోయాడు."

అరవై తొమ్మిది వేసవి తుపానులో పోయాడట. పొద్దున ఎండ కాస్తుంటే వేటకు వెళ్ళాడు. గాలివాన వస్తోందని ఊళ్ళో రేడియో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. పాలెంలో రేడియో లేదు. పడవ చెక్కలు కూడా దొరకలేదు. ఇప్పుడు ఆవిడ తమ్ముడు వేటకు వెళ్తున్నాడు. చిన్నప్పటి నుంచి ఆవిడే పెంచిన తమ్ముడు.

నేను వ్యాపారస్థుణ్ణి గనక, ఒక కొత్త ట్రాన్సిస్టరు తీసి ముందు పెట్టాను. ఇది తేలిక, ఇది చవక, ఇది తీసుకో అన్నాను.

"కొన్నా అలాంటిది. ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండానే నోరు పడిపోయింది. ఉన్నన్నాళ్ళూ దాని గొంతు పక్కనున్న నాకే సరిగా ఇనపడేది కాదు. ఇది అరవాలి. పడవ నీళ్ళలోకి తోసేవాడి చెవిన పడాలి. మావోడు నా మాట ఇనడు షావుకారూ. రేడియో చెప్తే ఇంటాడు."

బేరం మొదలైంది. నేను చెప్పిన ధర విని ఆవిడ పక్కకొట్టు టైలరుకు వినపడేలా నవ్వింది. "నాలుగు రోజుల చేపని కూడా నేనింత నోరు పెట్టుకుని అమ్మను," అంది. నేను లేచి వెళ్ళిపొమ్మన్నట్టు గంప వైపు చూశాను. ఆవిడ నిజంగానే గంప ఎత్తుకుంది. మెట్లు దిగేదాకా పిలవకూడదని నాన్న నేర్పిన పాఠం. మూడో మెట్టు మీదే పిలిచేశాను. నేను అడిగినదాంట్లో సగానికి, పైన పండక్కొకసారి ఎండుచేపలకు ఒప్పుకున్నాను. మా ఇంట్లోకి చేప వాసన గుమ్మం దాటి రాదు. ఆ సంగతి తెలిసే కలిపింది. ఆ ఎండుచేపలన్నీ తర్వాత టైలరే తిన్నాడు.

పెట్టె విప్పితే లోపల ఉప్పు పూత, బొద్దింకల గుడ్లు. స్పీకరు కాగితాన్ని ఎలుకలు కొరికేశాయి. గాజు బుడ్లలాంటి వాల్వులు రెండు మాడిపోయాయి. అవన్నీ ఒక ఎత్తు. వైబ్రేటరని ఒక చిన్న డబ్బా ఉంటుంది. బ్యాటరీ కరెంటు చిన్నది. దాన్ని తుమ్మెదలా రొద చేస్తూ కొట్టి కొట్టి వాల్వులకు సరిపోయేంత పెద్దది చేసేది అదే. అదే కాలిపోయింది. తెనాలిలో లేదు. విజయవాడలో అడిగితే, "మ్యూజియంలో అడుగు" అని నవ్వారు. అప్పటికే అందరూ ట్రాన్సిస్టర్లకు మళ్ళారు.

బాపట్లలో ఒక ముసలి ప్లీడరుగారి షెడ్డులో ఇటుకల మీద నిలబెట్టిన కారు ఉందని, అందులో ఇదే రకం రేడియో ఉందని తెలిసింది. కావలసిన వస్తువు పేరు ముందు ఎత్తకూడదు. అది మా వంశ సూత్రం.

"హెడ్‌లైట్లు అమ్ముతారేమోనని వచ్చానండి," అన్నాను.

చూపించాడు. వాటిని తిప్పాను, ఊదాను, పెదవి విరిచాను. వెళ్ళబోతూ, "లోపలేదో రేడియో ఉన్నట్టుందండి. పనికొచ్చేది కాదులెండి. మీకు బరువు తగ్గుతుంది, పారేస్తానివ్వండి," అన్నాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నలభై ఏళ్ళు కోర్టులో అబద్ధాలు విన్నాను నాయనా. నీది మరీ పసిది. హెడ్‌లైట్లు కావాలన్నావు. ముందు అవి కొను. రేడియో మాట తర్వాత."

కొన్నాను. రెండూ కొన్నాను. తెనాలి దాకా రైల్లో ఆ హెడ్‌లైట్లను చంటిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఎదుటి బెంచీ ఆయన, "కారు వెనకాల వస్తోందా?" అని అడిగాడు.

రెండు రేడియోలు కలిపి ఒకటి చేశాను. కొరికిన స్పీకరు కాగితానికి పలచటి గుడ్డ, బంక పట్టించాను. మూడుసార్లు తప్పు కలిపి ఒకసారి వేలు కాల్చుకున్నాను. చివరికి మాట్లాడింది. నేను అడిగిన ధరకు రెండింతల పని చేసి, సగం ధరకు ఇచ్చాను. నాన్నకు చెప్పలేదు.

పాలేనికి నేనే తీసుకెళ్ళాను. రేపల్లెలో ఒక పాత లారీ బ్యాటరీ చార్జి చేయించి, బస్సు మీద వేసి, దిగాక కావడి కట్టించాను. తాటిచెట్టుకు, వెదురు బొంగుకు మధ్య ఏరియలుగా రాగితీగ కట్టాను. మీట తిప్పితే ముందు తుమ్మెద రొద, కాసేపటికి లోపలి వాల్వులు ఎర్రబడి, గొంతు వచ్చింది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తలలెత్తారు.

ఆవిడ తమ్ముడు పాతికేళ్ళవాడు, పళ్ళన్నీ కనపడేలా నవ్వేవాడు. "అక్కా, నీకంటే దీని గొంతే మెత్తగా ఉందే!" అన్నాడు.

"నా మాట ఇనవు. దీని మాటన్నా ఇను."

"ఇంటాలే. ఇది నన్ను తిట్టదుగా."

వచ్చేముందు నేను బ్యాటరీ సెట్టు కొన్న ప్రతివాడికీ చెప్పే మాటే ఆవిడకూ చెప్పాను. ఇది పాత వాల్వు రేడియో, బ్యాటరీని తాగేస్తుంది. పాటలకు పెట్టొద్దు. వార్తలు వినండి, వినగానే కట్టెయ్యండి. ఆవిడ బుద్ధిగా తల ఊపింది. సరుకు వృథా చెయ్యని మనిషి.

అది రెండేళ్ళకు పైగా పనిచేసింది. ఒకసారి గాలివాన వస్తుందంటే పడవలు ఆగాయి, వాన వచ్చింది. ఇంకోసారి వస్తుందంటే ఆగాయి, మబ్బు కూడా పట్టలేదు. ఒక రోజు వేట పోయిందని పాలెమంతా నన్ను తిట్టిందని ఎండుచేపలు ఇస్తూ ఆవిడే చెప్పింది. "తిట్టనీ. మావోడు ఇంట్లో ఉన్నాడు," అంది.

డెబ్బై ఏడు నవంబరు తుపానుకు తెనాలిలోనే పైకప్పులు లేచాయి, చెట్లు విరిగాయి, కరెంటు స్తంభాలు పడుకున్నాయి. సముద్రం ఒడ్డు సంగతి నెమ్మదిగా తెలిసింది. మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత, చూసొచ్చినవాళ్ళు కొట్ల ముందు నిలబడి చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆపేసేవారు. పాలెం గురించి నేను అడిగాను. ఏ పాలెం అని తిరిగి అడిగారు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం కొట్టు మెట్ల మీద ఎవరో కూర్చున్నారు. నెత్తిన గంప లేకపోవడంతో వెంటనే పోల్చుకోలేదు. లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చాను. తాగలేదు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"తమ్ముడు?" అన్నాను.

"రేడియో చెప్పింది షావుకారూ. ముందురోజు పొద్దుగూకక ముందే చెప్పింది, ఎవరూ సముద్రం మీదకి పోవద్దని. మావోడు పోలేదు. పడవ బాగా పైకి లాగి కట్టాడు. మర్నాడు పనేముంది? అన్నం తిని పడుకున్నాడు. ఇంట్లోనే పడుకున్నాడు."

నేను బల్లమీది సోల్డరింగు కడ్డీ ప్లగ్గు పీకేశాను.

"నీళ్ళు ఇంతెత్తున..." అని చెయ్యి ఎత్తబోయి దించేసుకుంది. "నా చీర తుమ్మకంపకి చిక్కుకుంది. అందుకే ఉన్నా. వాణ్ణి మూడో నాటికి చూపించారు."

బజార్లో రిక్షా గంట మోగింది. ఆవిడ గ్లాసు బల్లమీద పెట్టింది.

"నేనది ఇని కట్టేశా. నువ్వు చెప్పావుగా, ఇనగానే కట్టెయ్యమని. బ్యాటరీ సగమే ఉంది. వానలో చార్జికి రేపల్లె మోసుకెళ్ళేవాడు లేడు. రేపటికి ఉండాలని కట్టేశా. మళ్ళీ పెడదామనుకునేసరికి గాలికి తీగ తెగింది." ఆగి, నా వైపు చూసింది. "ఒక్క మాట చెప్పు. నేను కట్టేశాక, ఆ రాత్రి గానీ తెల్లారి గానీ, నీళ్ళు ఒడ్డెక్కుతాయని, పాలెం ఒదిలి పొమ్మని ఏమన్నా చెప్పారా?"

నాకు తెలియదు. ఆ రాత్రి నా కొట్లో మూడు సెట్లు విప్పి ఉన్నాయి, ఒక్కటీ మాట్లాడే స్థితిలో లేదు. తెల్లారేసరికి కరెంటు లేదు. రేడియోల కొట్టు వాణ్ణయ్యుండి, ఆ రాత్రి నేను ఒక్క వార్త కూడా వినలేదు.

"లేదక్కా," అన్నాను. "చెప్పలేదు."

"నువ్విన్నావా?"

"విన్నాను."

"కడదాకా?"

"కరెంటు పోయేదాకా విన్నా. సముద్రం మీదకి వెళ్ళొద్దన్నదే మళ్ళీ మళ్ళీ చెప్పారు. ఇంకేం లేదు."

బేరంలో ఎదుటివాడి కళ్ళలోకి రెప్పవేయకుండా ఎలా చూడాలో చిన్నప్పుడే నేర్చుకున్నాను. అలాగే చూశాను. ఆవిడా అలాగే చూసింది, చేప మొప్ప ఎత్తి చూసినట్టు. చివరికి, "అయితే సరే," అంది. నీళ్ళు తాగింది. రేపల్లె బండికి టైమైందని లేచింది. చార్జీకి డబ్బులివ్వబోతే, ఉన్నాయంది.

ఆ రాత్రి వార్తలు విన్నవాళ్ళు మా బజార్లోనే చాలామంది ఉన్నారు. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. తర్వాత కొన్నేళ్ళ పాటు నా కొట్లో ఎవరైనా తుపాను మాట ఎత్తి, రేడియోలో అప్పుడేం చెప్పారో తెలుసా అని మొదలుపెడితే, టీ తాగొస్తానని నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి.