పిన్ని చూసిన పాత కారు

కొల్లేటికోట పిన్నికి ఏది కొన్నా ముందు వాసన చూసే అలవాటు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివే కొడుకు కోసం ఏలూరులో పాత విదేశీ కారు చూడటానికి వెళ్తే, నేనూ వెంట వెళ్లాను. పిన్ని కొడుకు, మా తమ్ముడు, మురిసిపోతూ స్టీరింగు ముందు కూర్చున్నాడు. పిన్ని వంగి వెనక సీటు వాసన చూసింది. ఆమె ముఖం పాలిపోయింది. కొల్లేరు వరదకు పిన్నివాళ్ల ఇల్లు మునిగినప్పుడల్లా పరుపుల్లో మిగిలిపోయే బురద వాసన అది.

"ఏవండీ, ఈ కారు నీళ్లలో మునిగిందా?"

"మునిగిందండీ. అంతా బాగు చేయించాం," అన్నాడు అమ్మే ఆయన.

"అప్పుడు లోపల ఎవరైనా ఉన్నారా అండీ?"

"ఒకాయన ఉన్నాడండీ. బయటికి రాలేకపోయాడు," అన్నాడు ఆయన. తమ్ముడు స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు. పిన్ని వాడి మణికట్టు పట్టుకుని బయటికి లాగింది. తిరుగు బస్సెక్కి ఊళ్లో దిగేదాకా ఆ మణికట్టు వదల్లేదు. వాడూ విడిపించుకోలేదు.