నా నవ్వు మీద ఒక మాట

మాది ఉయ్యూరు. పెళ్ళిచూపులకు వచ్చిన రోజు ఆయన నన్ను సరిగ్గా చూడనైనా లేదు. కాఫీ కప్పునే చూస్తూ కూర్చున్నాడు. మా బాబాయి ఏదో జోకు వేస్తే నేను ఆపుకోలేక పకపకా నవ్వేశాను. అమ్మ తొడపాశం పెట్టింది. అప్పుడు తలెత్తాడాయన. "ఆ నవ్వుకే ఓకే చెప్పానండీ" అన్నాడు తర్వాత ఫోన్లో. నేను పడిపోయిందీ ఆ మాటకే. దాచడం దేనికి?

తాంబూలాలు పుచ్చుకున్నాక ఫోటోలు వాళ్ళ కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వాళ్ళింటి ఆడవాళ్ళెవరూ టైపు చేయరు, అన్నీ వాయిస్ మెసేజులే. పటమటలో ఒక జ్యూస్ షాపులో కూర్చుని, ఆయన మురిసిపోతూ ఒక్కొక్కటీ నాకు వినిపించాడు. చిలకాగోరింకల్లా ఉన్నారంది ఒకావిడ. ఆ తర్వాత పామర్రులో ఉండే వాళ్ళ పెద్దమ్మ గొంతు వచ్చింది.

"పిల్ల బంగారం రా. కాకపోతే నవ్విందంటే పై చిగుళ్ళన్నీ బయటికొస్తన్నాయి. పెళ్ళికి ఫోటోలు తీసేవాడితో చెప్పుకోండి."

ఆయన గబుక్కున ఆపేశాడు. "పెద్దావిడ కదండీ, పట్టించుకోకండి" అన్నాడు. పర్లేదన్నట్టు నవ్వాను. ఆయన చూపు నా కళ్ళ మీద నుంచి జారి పెదవి దగ్గర ఆగింది.

ఆ తర్వాత ఎప్పుడు కలిసినా అదే వరస. నన్ను నవ్వించడం మానేశాడు. నాకు ఒళ్ళు మండిపోయేది, ఏడుపూ వచ్చేది. ఆవిడ నన్ను చూసింది ఫోన్లో, అదీ ఒక్కసారి! ఈయన ఎదురుగా కూర్చుని ఎన్ని సాయంత్రాలు చూశాడు!

చివరికి అడిగేశాను. "నిజం చెప్పండి. నా నవ్వు మీకింకా నచ్చుతోందా?"

"డెంటిస్టుని కనుక్కున్నానండీ. చిన్న ట్రీట్‌మెంటేనట. పెళ్ళయ్యాక చూపిద్దాం" అన్నాడు, నన్ను నొప్పించకూడదని ఎంతో మెల్లిగా.

ఇంటికెళ్ళి ఈ సంబంధం వద్దన్నాను. అమ్మ తల బాదుకుంది. "అబ్బాయి నిన్నేమన్నాడే?" అంది. నిజమే, ఏమీ అనలేదు. చెడ్డవాడూ కాదు. నాకు ఆయనంటే ఇష్టం పోలేదు కూడా, అదే నా ఏడుపు.

తర్వాత వేరే సంబంధం కుదిరి పెళ్ళయింది. మావారికి ఈ సంగతులేవీ తెలియవు. మంచి సరదా మనిషి. మొన్న ఏదో చెప్పి తనే పగలబడి నవ్వి, నా వైపు చూశారు.

"ఇన్నేళ్ళయింది, నువ్వు నోరు తెరిచి నవ్వగా ఒక్కసారీ చూళ్ళేదే. నీకసలు నవ్వు రాదా?" అన్నారు.

ఆ నవ్వును కాపాడుకోవడానికే ఒక మనిషిని వదులుకున్నానని ఆయనకెలా చెప్పను?