ఆయమ్మ రాయనివ్వని రిపోర్టు

సోమవారం మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ మా వార్డు వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. మన పాత ఆయమ్మ పొద్దున చనిపోయింది. దాని కింద వరసగా దండాల బొమ్మలు. వాటి కింద, ‘రేపు మూడింటికి సేఫ్టీ క్లాసు, అందరూ తప్పక రావాలి.’ ఇరవై ఏళ్ల నర్సు ఉద్యోగంలో ఏడవాలన్నా డ్యూటీ అయిపోవాలి. నేనూ ఒక దండం బొమ్మ పెట్టి, బీపీ మిషన్ పట్టుకుని మంచాల వైపు నడిచాను.

మీరెప్పుడైనా దవాఖానలో పడుకుని ఉంటే, నిద్ర చెడకుండా మంచం కింద ఊడ్చి వెళ్లే ఇలాంటి మనిషిని చూసే ఉంటారు. ఆయమ్మ హసన్‌పర్తి నుంచి మొదటి బస్సుకు హన్మకొండలోని మా ప్రైవేటు దవాఖానకు వచ్చేది. వార్డు తుడవడం, చెత్త సంచులు కట్టి కిందికి మోయడం ఆమె పని. గోడ మీది పోస్టరు చదవడం రాదు గానీ ఏ రంగు సంచిలో ఏది పడాలో మా అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. రక్తం అంటిన దూది పసుపు దాంట్లోకి, ప్లాస్టిక్ పైపులు ఎర్రదాంట్లోకి. సూదులు మాత్రం ఏ సంచిలోకీ పోకూడదు, వాటికి గట్టి డబ్బా వేరే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు ఆమే నేర్పేది. “సంచిని సంకల వెట్టుకోకు బిడ్డా. చెవులు వట్టుకొని దూరంగ మొయ్యాలె. లోపటేమున్నదో మనకేమెరుక, ఏసినోళ్లకే ఎరుక.”

ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఇదంతా నన్ను అడిగితే నీళ్లు నమిలాను. పక్కన చీపురు పట్టుకున్న ఆయమ్మ గడగడా చెప్పేసింది. ఆయన మెచ్చుకుని వెళ్లాడు. ఆ రోజు కోసం ఆమెకు ఇచ్చిన మందపాటి గ్లౌజులను సాయంత్రం సూపర్‌వైజర్ వాపసు తీసుకుని బీరువాలో పెట్టాడు. “సారు మళ్లొచ్చేదాక అవి పండుకుంటయ్,” అని నవ్వింది.

ఇక చెప్పాల్సింది చెబుతాను. ఆరేళ్ల కింద ఒక మధ్యాహ్నం ఇంజక్షన్ ఇచ్చి తిరిగానో లేదో, పక్క మంచం మీది పెద్దాయనకు ఫిట్స్ వచ్చాయి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. నాకు తెలుసు, అంతకు ముందు వారమే క్లాసులో సంతకం పెట్టాను. అయినా గబుక్కున మూత వదులుగా తగిలించి, దూది ఉన్న ట్రేలో పడేసి పరుగెత్తాను. తర్వాత ఆ ట్రేను అట్లాగే పసుపు సంచిలో బోర్లించాను. ఆయమ్మ సంచి మూతి కడుతూ “అబ్బా” అంది. పల్చటి గ్లౌజు వేలి దగ్గర ఎర్రబడింది.

ఆమె గాబరా పడలేదు. గ్లౌజు తీసి, నల్లా కింద వేలు పెట్టి, సబ్బుతో చాలాసేపు కడిగింది.

“రిపోర్టు రాయాలె ఆయమ్మా. రక్త పరీక్ష చేయించాలె.”

“రాస్తే ఎవల పేరొస్తది?”

“నాదే.”

నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో అయిపోతుంది. మా ఆయన పని పోయి ఇంట్లో ఉన్నాడు. రోజూ నాతో కలిసి అన్నం తినే ఆయమ్మకు ఇవన్నీ తెలుసు. “అయితే రాయకు. కడుక్కున్న గద, ఏంగాదు. నువ్వు ఫికర్ జెయ్యకు,” అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. మా నర్సులకు రక్తం ద్వారా అంటే కామెర్లకు టీకా వేయించారు. చెత్త మోసేవాళ్ల పేర్లు ఆ జాబితాలో లేవు. అదీ నాకు తెలుసు. తర్వాత ఆమె ఎన్నడూ ఆ ఊసెత్తలేదు, నా మీద కోపం పెట్టుకోలేదు. సంచి కట్టే ముందు మాత్రం నా ట్రే వైపు ఒకసారి చూసేది.

పోయిన ఏడాది కళ్లు పచ్చబడి, కాళ్లు వాచి పని మానేసింది. లివర్ చెడిందన్నారు. ఆ సూది వల్లేనని ఎవరూ చెప్పలేరు. కాదని నేనూ చెప్పుకోలేను.

మూడో రోజు, బుధవారం, హసన్‌పర్తి వెళ్లాను. ఆయమ్మ కూతురు ఇప్పుడు తల్లి పనిలోనే ఉంది, మా దవాఖానలోనే, పై అంతస్తులో. అప్పుడే తలకు పోసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

“సిస్టర్, డాక్టర్ సారు అమ్మను మస్తు సార్లడిగిండు, ఎన్నడన్న సూది గుచ్చుకున్నదా అని. అమ్మ లేదనే చెప్పింది. నిజంగనే గుచ్చుకోలేదా?”

“గుచ్చుకున్నది. నా సూదే,” అన్నాను. రిపోర్టు ఎందుకు రాయలేదో కూడా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఎడమచేతి వేలు నా ముందుకు చాపింది. “సోమారం పొద్దుగాల నాగ్గూడ గుచ్చుకున్నది. అమ్మకు సీరియస్ అని ఫోనొస్తే గాబరగాబరగ సంచి కడ్తాంటే గుచ్చుకున్నది. ఎవల ట్రేనో ఎరుకే, కొత్తగొచ్చిన సిస్టర్. చెప్తే పాపం ఆమె నౌకరి పోతది.”

“నా నౌకరి పోలే. అమ్మ పోయింది. లెవ్వు.”

“ఇయ్యాల ఇల్లు దాటొద్దంటరు సిస్టర్.”

“హెచ్‌ఐవీ రాకుండ మందులు మూడు రోజుల్లోపే మొదలువెట్టాలె. రేపటికి ఆలస్యమైతది,” అన్నాను. వాళ్ల చిన్నమ్మ గుమ్మం దగ్గర అడ్డం నిలబడి గొణుగుతున్నా, చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను.

దవాఖానలో ఫారం నేనే నింపాను. కొత్త సిస్టర్ పేరు చెప్పమంటే చెప్పింది. కింద ‘ఆలస్యానికి కారణం’ అని ఒక గీత ఉంది. దాని మీద పెన్ను ఆపి ఆమె వైపు చూశాను.

“అమ్మ సచ్చిపోయిందని రాయి సిస్టర్.”

రాశాను. ఆమె రక్తం తీసే కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. ముడి వేయని జుట్టు కొసల నుంచి నీళ్లు ఒక్కొక్క చుక్కే నేల మీద పడుతున్నాయి.