ఫర్వానియా నేలమాళిగలో బోర్డో కథ

ఫ్రాన్సులోని బోర్డోలో నేను రుచి చూడని వైన్ లేదు. రాజుల కాలం నాటి పీపాల్లోంచి నేరుగా గ్లాసులోకి వంపించుకుని తాగినవాణ్ణి. కువైట్‌లో మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబం వేసవి సెలవులకు అక్కడికి వెళ్తూ డ్రైవరుగా నన్నూ, పిల్లల్ని చూసుకోవడానికి మా ఆవిణ్ణీ వెంటబెట్టుకుపోయింది. ఇంటి యజమానురాలు, అంటే మా మామాకు, పాత కట్టడాలంటే ప్రాణం. అలా ఒక వారాంతం అక్కడి పాత కోటల చుట్టూ ఉన్న ద్రాక్షతోటల్లో గడిచింది.

మరుసటి ఏడు ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. కఫీల్ కుటుంబం సౌదీకి వెళ్ళిపోయింది. మేం కువైట్‌లోనే, ఫర్వానియా పేటలో తెలిసినవాళ్ళ గదికి చేరాం. వీధిలో కాల్పులు వినపడితే బిల్డింగంతా నేలమాళిగలోకి దిగేది.

ఒక మధ్యాహ్నం అలాగే దిగాం. పై అంతస్తులో ఉండే కోనసీమ అమ్మాయి మాత్రం మెట్ల దగ్గరే నిలబడిపోయింది. నిండు గర్భిణి. పక్క పేట దజీజ్‌లో తను పనిచేసే గోడౌన్ నుంచి పిండి తెస్తానని పొద్దున పోయిన భర్త ఇంకా రాలేదు.

"నేనెళ్ళి చూసొత్తానండి, బాబాయ్ గారూ," అంటూ మెట్టు మీద కాలేసింది.

"కూసో తల్లీ. నేను ఫ్రాన్సుకు పోయిన కథ నీకు చెప్పనేలేదు కదా!"

ఆమె కూర్చోలేదు గాని ఆగింది. నాకది చాలు. మొదలుపెట్టాను. మా కడప వైపు ద్రాక్ష పందిరి మీద పాకుతుంది. అక్కడ నడుమెత్తు మొక్కలు, దువ్వినట్టు వరసలు. వరస చివర గులాబీ చెట్టు. తెగులు వచ్చేముందు గులాబీ మీదే కనపడుతుందట. ఆ చెట్టును కనిపెట్టుకునే తరతరాలుగా తోటను కాపాడుకుంటున్నారు. రాయి తొలిచిన నేలమాళిగలో నడివేసవిలోనూ ఒళ్ళు జలదరించే చలి. పీపాల మధ్య అందరూ గుడిలో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ శ్రద్ధ తలచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

బయట మళ్ళీ కాల్పులు. ఆ పిల్ల తలుపు వైపు తిరిగింది. కాసేపటికి, నన్ను చూడకుండానే అడిగింది.

"పళ్ళు తీపేనాండి?"

"తేనె తల్లీ, తేనె!"

"మరి ఆ మందు తాగేరాండి?"

"ఎన్ని గ్లాసులో!"

"అబ్బో, పిన్నిగారు ఊరుకున్నారాండి?" అని నవ్వి, మెట్టు మీద కూలబడింది.

నోరు విప్పితే నన్ను ఉతికి ఆరేసే మా ఆవిడ, ఏమీ అనకుండా ఆ పిల్ల వీపు నిమురుతూ కూర్చుంది.

మీ దగ్గర దాపరికమెందుకు? వైన్ చుక్క ముట్టలేదు. కఫీల్ ఎదుట ఆ పని చేస్తే ఇఖామా ఖలాస్, కువైట్‌లో ఉండే పర్మిట్టే పోతుంది. తాగింది నారింజ రసం. మిగతాదంతా నిజమే.

కాల్పులు ఆగిన చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. భుజాన పిండి బస్తాతో, ఒళ్ళంతా తెల్లగా అతను దిగివచ్చాడు.

"చెక్‌పోస్టు కాడ కూచోబెట్టేసేరండి," అన్నాడు.

ఆ పిల్ల అతని ముఖం మీది పిండి రెండు చేతులా తుడుస్తూ భోరుమంది. తేరుకున్నాక, "బాబాయ్ గారు నాకు ఫ్రాన్సు చూపించేరండి," అని అతనితో చెప్పింది.

అప్పుడు మా ఆవిడ నోరు విప్పింది.

"ఏం చూపించినాడు ఈయప్ప? డ్రైవరు బండి కాడనే ఉండాలని కఫీల్ చెప్తే, రెండు దినాలూ బండిలో కాళ్ళు చాపుకోని గురక పెట్టినాడు. మామా బిడ్డను సంకనేసుకోని లోపలికి పోయింది నేను. చూసొచ్చి ఈయప్పకు చెప్పింది నేను. ఆ కాయలు కూడా పచ్చివే, పుల్లగా!"