బాతు కొవ్వులో వేగిన మొక్కు

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ వెనక రోడ్డు మీద ఒక బార్ ఉండేది. ఉండేది అంటే బిల్డింగ్ ఇప్పటికీ ఉంది. కూలిపోలేదు, ఎవరూ చనిపోలేదు. బీరుతో పాటు ఖరీదైన తిండి పెట్టే గ్యాస్ట్రోపబ్ అయింది, అంతే. దీన్ని అభివృద్ధి అనేవాళ్ళున్నారు. వాళ్ళతో నేను మాట్లాడను.

పాత బార్ గురించి గొప్పగా చెప్పుకోడానికి ఏమీ లేదు. నేల బూట్లకి అంటుకునేది. టీవీలో ఎప్పుడూ ఏదో ఆట నడిచేది, సౌండ్ మాత్రం ఉండేది కాదు. కౌంటర్ వెనక ఒక పెద్దావిడ నిలబడేది. ఆవిడే ఓనరు, ఆవిడే వంట, ఆవిడే గొడవ. గ్లాసు మన ముందు పెట్టమంటే కొట్టినట్టు పెట్టేది. ప్లంబర్లనీ, ట్రక్ డ్రైవర్లనీ, శుక్రవారం సాయంత్రం మెళ్ళో ఐడీ కార్డులు తీయకుండా వచ్చే మా సాఫ్ట్‌వేర్ జనాన్నీ ఆవిడ సమానంగా అసహ్యించుకునేది. అంత సమానత్వం మాకు అమెరికాలో ఇంకెక్కడా దొరకలేదు.

నాతోపాటు వచ్చేది నా రూమ్మేట్. బావా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు, అతనిది భీమవరం, నాది నల్గొండ. వంట అతను చేసేవాడు, గిన్నెలు నేను తోమేవాణ్ణి. చుట్టాలు కూడా ఇంతకంటే ఏం చేస్తారు?

అప్పట్లో బావకి హెచ్-వన్ వీసా పెండింగ్‌లో ఉంది. ఆఫీసులో పనైతే చేసుకుంటున్నాడు గానీ అది వస్తే ఈ దేశంలో ఉంటాడు, రాకపోతే పెట్టె సర్దుకోవాలి. అందుకని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాడు, వీసా అప్రూవ్ అయ్యేదాకా మాంసం ముట్టనని. భీమవరం మనిషి రొయ్యని వదులుకోవడం చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. చేప, కోడి, అన్నీ బంద్. గుడ్డు విషయం మాత్రం తేలలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే, అయినా దాని మీద రెండు వర్గాలుండేవి. బీర్ గురించి అడిగితే, "మొక్కులో దాని ప్రస్తావనే లేదురా" అన్నాడు. లాయర్‌ని పెట్టుకుని మొక్కుకున్నట్టున్నాడు.

నాకు అంతకుముందు ఏడాదే ఏ మొక్కూ లేకుండా వీసా వచ్చేసింది. ఈ విషయంలో బావ నన్ను ఎన్నడూ క్షమించలేదు.

బార్‌కి మొదటిసారి వెళ్ళినప్పుడు బావ ఫ్రైస్ అడిగి, ఆవిడ్ని ఆపి మరీ విచారించాడు. "మేడమ్, ఇదే నూనెలో చికెన్ కూడా వేయిస్తారా అండీ?"

ఆవిడ అతన్ని పైనుంచి కిందకి చూసింది. "నా దగ్గర బంగాళాదుంపలు తప్ప ఇంకేదీ వేగదు. చికెన్ కావాలంటే పక్కన పిజ్జా షాపుకి పో."

బావ కళ్ళు చెమర్చాయి. ఆవిడ బద్ధకం వల్ల న్యూజెర్సీలో ఒక శుద్ధ శాకాహార మూకుడు వెలిసిందన్నమాట. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం అదే మూల, అవే ఫ్రైస్. మెనూ అనేది అక్కడ లేదు కాబట్టి చదివే అలవాటు కూడా మాకు లేదు. లోపలికి వెళ్ళి బావ వేలెత్తితే చాలు, ప్లేటు వచ్చి పడేది.

తర్వాత ఆవిడ బార్ అమ్మేసి ఫ్లోరిడా వెళ్ళిపోయింది. వీడ్కోలు ఏమీ లేదు. "వచ్చేవారం ఉండను" అంది, గ్లాసు కొట్టింది, అయిపోయింది. కొన్ని నెలలు కిటికీలకి కాగితాలు అంటించి లోపల ఏదో కోశారు, ఏదో గీకారు. తెరిచాక చూస్తే, అంతకుముందున్న పాత చెక్కంతా పీకేసి, ఎక్కడో పశువుల కొట్టంలోంచి తెచ్చిన ఇంకా పాత చెక్క బిగించారు. బల్బుల్లో తీగలు కనబడుతున్నాయి, వెలుతురు మాత్రం కనబడటం లేదు. స్టూళ్ళకి వీపు ఆనించే పలక తీసేశారు. బీర్ పచ్చడి సీసాలో ఇస్తున్నారు. మెనూని అట్టకి క్లిప్పు పెట్టి చేతికిచ్చారు, ఆసుపత్రిలో పేషెంటు కాళ్ళ దగ్గర వేలాడదీస్తారే, సరిగ్గా అలా. మన పరిస్థితి అందులో రాసి ఉంటుందేమోనని నేను చదవలేదు.

గడ్డం వెయిటర్ ఒకడు వచ్చి తన పేరు చెప్పాడు. మేము అడగలేదు. "ఈ సాయంత్రం మీ ప్రయాణంలో నేను మీకు తోడుంటాను" అన్నాడు. మేము ఎక్కడికీ వెళ్ళటం లేదని చెప్పబోతుంటే బావ నా కాలు తొక్కాడు.

"ఫ్రైస్ అండీ. ఎప్పటిలాగే" అన్నాడు బావ.

చిన్న తీగ బుట్టలో, పైన ఏవో ఆకులు చల్లి తెచ్చారు. బావ ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి వేసుకున్నాడు. తర్వాత గుప్పెడు.

"ఒరేయ్, ముసలావిడ కంటే భలే చేశార్రా! ఏదో కమ్మగా తగుల్తుంది నాలిక్కి."

"ఆకులు గావచ్చు బావా."

"ఆకులు కాదెహె. లోపల్నుంచి వస్తుంది ఆ కమ్మదనం."

బుట్ట సగం ఖాళీ అయ్యాక వెయిటర్ చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "మా డక్ ఫ్యాట్ ఫ్రైస్ ఎలా ఉన్నాయి?"

బావ నమలడం ఆగిపోయింది. నోట్లో ఉన్నది మింగాలా, ఉమ్మాలా తెలియక బుగ్గ ఒకపక్క ఉబ్బి ఉండిపోయింది. చివరికి మింగేశాడు. అలవాటు.

"ఒరేయ్, ఇది బాతు కొవ్వంట్రా!"

"గిప్పుడు ఏం జేస్తవ్ బావా, కక్కుతవా?"

కక్కలేదు. లేచి నిలబడ్డాడు. గోదావరి జిల్లా మనిషి తిట్టినా మర్యాద తప్పడు. అది చూసేవాళ్ళకి ఇంకా భయంగా ఉంటుంది.

"సార్, ఐ యామ్ వెజిటేరియన్ సార్! మీరు చెప్పాలి కదండీ!"

"మెనూలో రాసి ఉంది సార్."

"నేను ఫ్రైస్ అడిగాను. ఫ్రైస్ అంటే ఫ్రైస్ అండి!"

వెయిటర్ గడ్డం నిమురుకున్నాడు. "అందులో మాంసం లేదు సార్. కొవ్వు మాత్రమే."

"ఆ కొవ్వు ఎక్కడ్నుంచి వచ్చింది సార్? చెట్టుకి కాసిందా?"

వెటకారం వాడికి అందలేదు. నిజంగానే అడుగుతున్నాడనుకున్నాడు. "లేదు సార్, పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఫార్మ్ నుంచి" అన్నాడు, మొహం వెలిగిపోతూ. "బాతుల్ని బయట స్వేచ్ఛగా తిరగనిస్తారు. చాలా హ్యాపీగా పెరిగిన బాతులు."

"హ్యాపీగా ఉన్నదాన్ని చంపేశారా!" అని బావ తెలుగులో అరిచాడు. పక్క టేబుల్ వాళ్ళు ఫోనుతో తిండి ఫొటో తీయడం ఆపి మా వైపు చూశారు. మేనేజర్ వచ్చాడు. మా బాధ తనకి వినబడుతోందన్నాడు. మా బాధ హైవే దాకా వినబడుతూనే ఉంది. క్షమాపణగా ఫ్రీగా ఒక సలాడ్ పంపించాడు. దాని మీద పంది మాంసం ముక్కలు చల్లి ఉన్నాయి.

కార్‌లో కూర్చుని బావ గుడి పూజారి గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. తెలియక తిన్నది దోషం కాదు నాయనా, వచ్చి ప్రదక్షిణలు చేసుకో, సరిపోతుంది అన్నారాయన. అక్కడితో పెట్టేసి ఉంటే బాగుండేది.

"కానీ గురువుగారూ, భలే ఉందని కూడా అన్నానండి" అన్నాడు బావ.

అవతల పూజారి గారు గొంతు సవరించుకున్నారు.

"ముసలావిడ కంటే బాగా చేశారని కూడా అన్నడు సామీ" అన్నాను నేను. ఉన్నదే చెప్పాను.

బావ ఫోన్ కట్ చేసి, ఇల్లు చేరేదాకా నా వైపు చూడలేదు. తర్వాత రోజూ తెల్లారే స్నానం, గుడికి డ్రైవ్ చేసి ప్రదక్షిణలు, ఇంట్లో మూకుడు వేరు, గరిటె వేరు. ఆ గ్యాస్ట్రోపబ్ ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే కార్ అద్దాలు ఎక్కించేవాడు, వాసన కూడా లోపలికి రాకూడదని.

అదే సమయంలో ఇమ్మిగ్రేషన్ వాళ్ళు క్లయింట్ నుంచి, అంటే బావ చేత పని చేయించుకునే కంపెనీ నుంచి, ఉద్యోగం ఉన్నట్టు లెటర్ తెమ్మన్నారు. బావని పెట్టుకున్న కన్సల్టెన్సీ ఓనర్ అంకుల్ ఎప్పుడు ఫోన్ చేసినా "ఎల్లుండి వచ్చేస్తుంది తమ్ముడూ" అనేవాడు. అప్లికేషన్‌లో రాసిన ఆ క్లయింట్ దగ్గర బావ ఒక్క రోజు కూడా పని చేయలేదు. అతను చేసే పని ఇంకెక్కడో. అంకుల్ ఆ కాగితాల మీద సంతకం పెట్టమన్నాడు, బావ పెట్టాడు. అందరూ పెడుతున్నారు కదా అనుకున్నాడు. ఇది నాకు తెలుసు, నాకు తెలుసని అతనికీ తెలుసు.

ఒకరోజు నేను ఊరుకోలేకపోయాను. "బావా, నువ్వు గుడి చుట్టు తిరుగుడు బంద్ చేసి ఆ అంకుల్ ఇంటి చుట్టు తిరుగు. ఆయన ఇయ్యకుంటే దేవుడు మాత్రం ఏడికెళ్ళి తెస్తడు లెటరు?"

"నీకు ఊరికే వచ్చేసింది కదా, అందుకే ఈ ఎకసెక్కం" అన్నాడు. "ఆ రోజు మెనూ నీ చేతిలోనే ఉంది. ఒక్క ముక్క చదివి చచ్చావా?"

"నీ చేతిల గూడ ఉండె."

తర్వాత మా మధ్య మాటల్లేవు. అతను వండేవాడు, నేను తోమేవాణ్ణి, ఇద్దరం ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటూ తినేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఇల్లు ప్రశాంతంగా ఉండేది.

వీసా రిజెక్ట్ అయిన సంగతి అంకుల్ పెట్టిన లాయర్ ఫోన్‌లో చెప్పింది. బావ మళ్ళీ స్పీకర్‌లోనే పెట్టాడు. ఎందుకు పెట్టాడో తెలియదు, నాతో మాట్లాడటం లేదు కదా. ఆవిడ ఏ తొట్రుపాటూ లేకుండా కారణం చెప్పింది. ఆ క్లయింట్ దగ్గర అలాంటి ఉద్యోగం ఉన్నట్టు రుజువు లేదు. మీ సంతకం ఉన్న కాగితాలతో వేసిన అప్లికేషన్ కాబట్టి మళ్ళీ వేసేముందు బాగా ఆలోచించుకోండి అంది. థాంక్యూ మేడమ్ అన్నాడు బావ.

సోఫాలో కూలబడి చాలాసేపు కార్పెట్ చూశాడు. భీమవరం నుంచి వచ్చి, చదువుకుని, రొయ్య మానేసి, చివరికి తేలింది ఒక సంతకం. నా నోట్లో మాట సిద్ధంగానే ఉంది. ఇలాంటప్పుడు నాకు మాట కోసం వెతుక్కునే అవసరం రాదు.

"బాతేరా" అన్నాడు బావ, తలెత్తకుండా. "ఆ రోజు అది తినకపోతే వచ్చేసేది. కదా?"

నన్ను సూటిగా చూశాడు. బాతు కాకపోతే ఇంక మిగిలేది ఆ సంతకం పెట్టినవాడేనని ఇద్దరికీ తెలుసు.

"బాతే బావా" అన్నాను. "గదే కొంప ముంచింది."

అతను తలూపి, లేచి, బియ్యం కడగడానికి వెళ్ళాడు.

ఇప్పుడు టొరంటోలో ఉన్నాడు. కొత్త రూమ్మేట్లు అమెరికా నుంచి ఎందుకొచ్చేశావని అడిగితే కథ మొత్తం చెప్తాడు. వెయిటర్ గడ్డం ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది. వాళ్ళు నమ్మకపోతే నాకు ఫోన్ కలిపి, "అడగండి వీణ్ణి, ఆ రోజు నా పక్కనే ఉన్నాడు" అంటాడు.

"నిజమేనా భాయ్, బాతు వల్లనేనా?" అని ఎవడో నవ్వుతూ అడుగుతాడు.

"నవ్వకు" అంటాను నేను. "నిజమే."