నా కూతుర్ని బయటికి పంపమని అరిచినాను

మంచు గురించి నాకున్న జ్ఞానమంతా ఐస్ కచాంగ్ అనే తురిమిన మంచు మిఠాయి గిన్నెలోదే. బడి చదువూ అంతే, రుచి తెలిసేలోపే కరిగిపోయింది. అలాంటివాడికి ఐస్ హాకీ ఆడే కూతురు పుట్టింది.

కాలేజీ జట్టుకి గోల్‌కీపరు. కిందటి నెల ఆ గట్టి రబ్బరు బిళ్ళ వచ్చి మెడ కింది ఎముకకి తగిలితే, తల దువ్వుకోడానికి చెయ్యి లేవలేదు పిల్లకి. నయమయ్యాక ఇదే మొదటి ఆట. "ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తీసుకురా," అని వాళ్ళమ్మ గుమ్మంలోనే చెప్పింది. కౌలా సెలంగోర్ నుంచి కౌలాలంపూర్ మాల్‌లో ఉన్న మంచు మైదానం దాకా కారులో జోకులు వేస్తూనే ఉన్నాను. భయమేస్తే నా నోరు ఆగదు.

గోల్‌కీపరు కాక జట్టుకి ఐదుగురు. మా జట్టు పిల్ల ఒకతి కర్ర అడ్డంపెట్టి ఎదుటమ్మాయిని పడేసింది. రెఫరీ ఆ పిల్లని పక్కనున్న పెట్టెలాంటి శిక్ష గదిలో రెండు నిమిషాలు కూచోబెట్టినాడు. బదులు ఎవర్నీ దించకూడదట. నలుగురే మిగిలినారు. బిళ్ళ మైదానం చుట్టూ ఉన్న చెక్కగోడకి తగిలిన ప్రతి చప్పుడూ నా ఎముకలోనే మోగింది.

అంతలో మా అమ్మాయే, మీదికొచ్చిన పిల్ల కాళ్ళకి కర్ర అడ్డంపెట్టింది. విజిల్! నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు నిమిషాలు క్షేమంగా పెట్టెలో కూచుంటుంది కదా! లేచి ముందున్న అడ్డు గాజు మీద బాది, "పంపించు సార్, దాన్ని బయటికి పంపించు లా!" అని, మాట చివర మా మలేషియా 'లా' కూడా తగిలించి అరిచినాను.

పక్కనున్న తమిళావిడ, జట్టులో ఇంకో పిల్ల తల్లి, నా చొక్కా పట్టి లాగింది. "కూచోండి అన్నే. గోల్‌కీపరు తప్పు చేస్తే ఆమె పోదు. ఆమె బదులు ఇంకొకరు పోయి కూచుంటారు."

"తప్పు సేసేది ఒకరు, కూచునేది ఒకరా? ఏటీ రూలు?"

"నన్నడగండి. మీ పిల్ల తప్పుకి పోతున్నది నా పిల్లే."

ఇటు ముగ్గురు. అటు ఐదుగురు.

"ఇంకా తగ్గుతారా?" అని ఆవిడ వైపు వంగినాను.

"ముగ్గురికన్నా తగ్గరు అన్నే. వాళ్ళు గోలు కొడితే పెట్టెలో ఉన్న ఒకరు తిరిగొస్తారు."

అది వినగానే, సొంత కూతురి మీద గోలు పడాలని మొక్కినాను. ఆ మొండిది ఇవ్వలేదు. ఒకటి కాలితో ఆపింది, ఒకటి చేతొడుగుతో. ఇంకొకటి నేరుగా గొంతెత్తున వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పిల్ల మంచు మీద బోర్లా పడుంది. లేవదే! రెఫరీ వంగి చూసినాడు. నా చేతివేళ్ళు తమిళావిడ మోచేతిలో దిగిపోయినాయి. అప్పుడు మెల్లగా మోకాళ్ళ మీద లేచింది. బిళ్ళ దాని చేతొడుగు కిందే ఉంది.

ఆట అయ్యాక కారు దగ్గర ముందు చెయ్యి ఎత్తి చూపించమన్నాను. ఎత్తింది.

"ముగ్గురితో ఎలా నిలబడ్డావే? నలుగురున్నప్పుడే నా గుండె జారిపోయింది."

"ఆ ముగ్గురూ నా వైపు ఉన్నారు నాన్నా. నన్ను బయటికి పంపమని అరిచినోడివి నువ్వొక్కడివే లా."