మా కాస్ట్యూమ్ వ్యాన్ అడుగు

నాకు కోపం ఎక్కువ. ముప్పై ఏళ్లుగా సినిమాల్లో కాస్ట్యూమర్‌గా పనిచేస్తున్నవాణ్ని. కోపం లేకపోతే ఈ ఫిల్మ్‌నగర్‌లో ఎవడూ మనల్ని మనిషిగా లెక్కచెయ్యడని నా నమ్మకం. ఆ రోజు మాత్రం అది నషాళానికి అంటింది.

ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు దిగుతున్నాం. బట్టలు మోసే మా పాత వ్యాన్‌ని నేనే నడుపుతున్నాను. వెనక హ్యాంగర్ల మధ్య స్టూలు మీద మా ఇస్త్రీ ఆవిడ కూర్చుంది. రహమత్ నగర్ మనిషి, పదకొండేళ్లుగా నా దగ్గరే పని. ఎవడో బైకువాడు అడ్డం వస్తే బ్రేకు తొక్కాను. ఆవిడ ముందుకు పడిపోకుండా కాలు గట్టిగా ఆనించింది. ఆనించిన చోట మ్యాటు జారి, దాని కింద రేకు చిరిగి, మోకాలి దాకా కాలు రోడ్డు మీదికి దిగబడింది. బండి అప్పటికే ఆగింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ కాలు మిగిలేది కాదు.

ఆస్పత్రిలో కుట్లు వేస్తుంటే ఆవిడ పళ్ల బిగువున ఊరుకుంది. నేను ఊరుకోలేదు. పక్కనే నిలబడి టోలిచౌకిలోని షెడ్డువాడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. కిందటేడు వ్యాన్ అడుగుకి తుప్పు పట్టకుండా పూత వేసింది వాడే. అంతకుముందు ఆ పని నేనే చేసుకునేవాణ్ని. ఏడాదికోసారి లుంగీ ఎగ్గట్టి, బండి కింద వెల్లకిలా దూరి, ఇనప బ్రష్షుతో గీకి, నల్లరంగు పూసేవాణ్ని. సగం రంగు నా మొహానికే అయ్యేది. నడుం పట్టేస్తోంది, బండికా వయసు మీదపడింది, ఇక పనితెలిసినవాడి చేత చేయిద్దామని తీసుకెళ్లాను. కడిగి, ఆరబెట్టి, గీకి, మందంగా పూత కొట్టి, ఇక ఫికర్ వద్దన్నాడు. ఫికర్ వద్దట.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఏమేం తిట్టాలో దారి పొడవునా పేర్చుకుంటూనే వెళ్లాను. బండి షెడ్డులో పెట్టీపెట్టకముందే మొదలుపెట్టాను. మనుషుల ప్రాణాలంటే ఆటలుగా ఉందా, ఒక ఆడమనిషి కాలు పోయేది, సెట్లో అట్టగోడకి రాయి రంగు వేసినట్టు పైపైన పూసి లోపల తుప్పు దాచావు కదా అన్నాను. అతను నా వయసువాడే. చేతులు తుడుచుకుంటూ నేను అలిసేదాకా విన్నాడు.

"అయిపోయిందా అన్నా? ఇప్పుడు బండి లేపుత. నీ కండ్లతోని చూడు" అన్నాడు.

బండి పైకి లేచింది. కింద పూత చెక్కుచెదరలేదు. చిరిగిన రేకు అంచు కిందివైపు నల్లగా గట్టిగానే ఉంది, పైవైపు మాత్రం పొరలుపొరలుగా రాలుతోంది. తుప్పు లోపలినుంచి తినుకుంటూ వచ్చింది. నీళ్లు కారిపోవడానికి రేకులో ఉండే రంధ్రాల మీద టార్చి వేశాడు.

"గివి మేం తెరిచే ఇడిసినం. లోపల్కెల్లి ఎవరో గుడ్డలు కుక్కిన్రు. నీళ్లు ఏడికి పోతయి?"

స్క్రూడ్రైవర్‌తో పొడిచి ఒక ముక్కని బయటికి లాగాడు. కుళ్లిపోయి ఉంది, అయినా గుర్తుపట్టాను. ఎర్ర శాటిన్. ఒక రాజు వేషానికి లైనింగ్ కోసం నేను కత్తిరించగా మిగిలిన ముక్క.

కుక్కింది నేనే. పూత వేయించిన వారానికి, పెళ్లి సీను కోసం తీసుకెళ్లిన తెల్ల పంచెలకు ఆ రంధ్రాల్లోంచి ఎర్రదుమ్ము కొట్టింది. డైరెక్టర్ యూనిట్ అందరి ముందూ నన్ను కడిగిపారేశాడు. ఆ మంటలో ఆ సాయంత్రమే రంధ్రాలన్నీ గుడ్డలతో బిగించి పైన మ్యాటు పరిచేశాను. తర్వాత నాలుగు రోజులు వాన పాట. ట్యాంకర్ నీళ్లలో తడిసిన ముప్పైమంది డాన్సర్ల బట్టలు షాట్ అవగానే గుట్టగా తెచ్చి వ్యాన్‌లో పడేస్తారు. మర్నాడు కంటిన్యుటీకి మళ్లీ అవే కావాలి, బయట ఆరేసే చోటెక్కడుంది? ఆ నీళ్లన్నీ మ్యాటు కిందే నిలిచాయి. మా ఇస్త్రీ ఆవిడ అప్పుడే చెప్పింది, కింద నీళ్లు పోవడం లేదు, వాసన వస్తోందని. నీ ఇస్త్రీ నువ్వు చూసుకో, బండి సంగతి నాకు నేర్పకు అని గయ్యిమన్నాను.

షెడ్డతనికి తప్పు నాదేనని చెప్పాను. చెప్పానంటే గొణిగాను. అక్కణ్నుంచి నేరుగా రహమత్ నగర్ వెళ్లాను. ఆవిడ గడప దగ్గర కట్టు కట్టిన కాలు చాపుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. రంధ్రాల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి, అందుకే రేకు పోయింది అన్నాను. ఎవరు కుక్కారో మాత్రం నోట రాలేదు.

"నువ్వే గదన్నా కుక్కింది. నాకెరికే" అంది తలెత్తకుండానే.

మరి నిన్న ఆస్పత్రిలో షెడ్డతన్ని అన్నన్ని మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నావని అడిగాను. నిజం చెప్పొద్దూ, అదీ కాస్త గట్టిగానే అడిగాను.

"గప్పుడు చెప్తే తిట్టినవ్. ఇంక నీకు మల్ల ఏం చెప్పాలె?"

కొత్త రేకు వేయిస్తానన్నాను. ఇకనుంచి వెనక కాదు, ముందు సీట్లో నా పక్కన కూర్చోమన్నాను. ఆవిడ ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. కుట్లు విప్పగానే పనికి వస్తానంది. బస్సులో వస్తానంది.